అప్‌డేట్: రూట్ కెనాల్ తర్వాత కొరికితే నొప్పి

రూట్ కెనాల్ అయ్యాక కూడా కింది దవడ పన్ను కొరికితే చాలు జివ్వుమంటోంది, మళ్లీ చేయించుకోవాలా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. ఆ అవసరం రాలేదు.

డాక్టర్‌గారు పళ్ల మధ్య నీలం కాగితం ముక్క పెట్టి టకటకా కొరకమన్నారు. ఫిల్లింగ్ మీద ఒక మూల ముదురు చుక్క పడింది. అక్కడ కాస్త ఎత్తుగా ఉండి, నమిలినప్పుడల్లా ఒత్తిడంతా ఆ పన్ను మీదే పడుతోందట. కొంచెం అరగదీశారు, అంతే. లోపల నరం తీసేసినా వేరు చుట్టూ ఉన్న కణజాలం బతికే ఉంటుంది, అక్కడి వాపు తగ్గేదాకా నొప్పి తెలుస్తుందన్నారు. ఎక్స్‌రే బాగానే ఉంది.

క్యాప్ సంగతి: నమిలే పన్ను, సగం పుచ్చిపోయింది కాబట్టి తప్పదన్నారు. జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి పదార్థం) క్యాప్‌కి కొలతలిచ్చాను. ఖరీదెక్కువే, కానీ క్యాప్ లేక పన్ను వేరుదాకా చీలితే ఇక పీకించుకోవడమే. క్యాప్ వచ్చేదాకా ఆ వైపు జంతికలు, చెరకు బంద్. సంక్రాంతి ముందు ఇదో శిక్ష!

ఇంకోటి, ఆ పన్ను దగ్గర బ్రష్ చేయడం మానొద్దట. నరం లేదు కనుక మళ్లీ పుచ్చినా జివ్వుమనదు, చెకప్‌లోనే బయటపడాలి. చిగురు వాచినా, చీము కనిపించినా వెంటనే రమ్మన్నారు.