ఓ2 (ఆప్టిమైజేషన్ స్థాయి) పెడితేనే వచ్చే "మేబీ అన్‌ఇనిషియలైజ్డ్" (విలువ ఇవ్వకుండానే వేరియబుల్‌ని వాడుతున్నారేమో) వార్నింగ్‌ని ఏం చేయాలి?

సి కోడ్, జీసీసీ కంపైలర్. ఫంక్షన్ మొదట్లో ఒక ఫ్లాగ్ నిజమైతేనే లెన్ అనే వేరియబుల్‌కి విలువ ఇస్తున్నా. మధ్యలో ఒక లూప్, కొన్ని కాల్స్. చివర మళ్ళీ అదే ఫ్లాగ్ చూసుకునే లెన్ వాడుతున్నా. ఫ్లాగ్ మధ్యలో ఎక్కడా మారదు, దాని అడ్రస్ కూడా ఎవరికీ ఇవ్వలేదు. అయినా ఓ2లో వార్నింగ్ వస్తోంది, ఆప్టిమైజేషన్ లేని ఓ0లో మాత్రం కిక్కురుమనదు. ఆప్టిమైజ్ చేసేటప్పుడే ఈ విశ్లేషణ జరుగుతుందని తెలుసు, కానీ రెండు షరతులూ ఒకటేనని కంపైలర్‌కెందుకు అందట్లేదు?

లెన్‌కి ముందే సున్నా ఇచ్చేస్తే కంపైలర్ నోరు మూస్తుంది. కానీ రేపు ఎవరైనా నిజంగానే విలువ ఇవ్వడం మర్చిపోతే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ కూడా పట్టుకోలేదు కదా! లినక్స్ కెర్నెల్‌లోనే 2020లో ఈ వార్నింగ్‌ని మామూలు బిల్డ్‌లో ఆపేశారు. నేనూ ఆపేయనా, లేక ఫంక్షన్‌ని విడగొట్టనా? పెద్ద కోడ్‌లో మీరేం చేస్తున్నారు?