దివాణంలో కలయికకు అసలు కాగితాలు తేవాలా, నకళ్లు చాలా?

బ్రాడీపేట:
మన వంశవృక్షాల సంఘం కలయిక ఈసారి గుంటూరు దగ్గర ఓ పాత జమీందారీ దివాణంలో, సాయంత్రం 5 నుంచి 9 దాకా. ఇళ్లలోని అసలు దస్తావేజులు, తాటాకు కట్టలు తెచ్చి బల్లల మీద పెడదామని కొందరంటున్నారు. మీరేమంటారు?

దస్తూరి:
అసలువే తేవాలి. జిరాక్సు తీసేవాళ్లు వెనకవైపు వదిలేస్తారు. రిజిస్ట్రేషన్ నంబరు, వేలిముద్రలు, దాఖలు చేసినవాడి తండ్రి పేరు ఉండేది అక్కడే. దత్తత సంగతి ఒక్క మాటలో ఉంటుంది. అది చూడకపోతే వంశం కొమ్మే మారిపోతుంది.

కృష్ణలంక:
వద్దే వద్దు. పునుగులు, అల్లం పచ్చడి తిన్న చేతులే కాగితాల మీదికి వస్తాయి. పాత స్టాంపు కాగితం మడతల దగ్గర ముందే చిట్లి ఉంటుంది, పదిమంది విప్పితే అక్కడే ముక్కలవుతుంది. కాపాడదామని లామినేషన్ చేయిస్తారేమో, అది ఇంకా అన్యాయం: వేడికి అతుక్కున్న ప్లాస్టిక్ మళ్లీ ఊడిరాదు. ఇంట్లోనే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పక్కన స్కేలు పెట్టి, నాలుగు అంచులూ కనపడేలా రెండువైపులా ఫొటో తీయండి. ముద్రలు విడిగా. ఏ3 సైజులో ప్రింటు వేస్తే దస్తూరి గారి అభ్యంతరం తీరుతుంది. తాటాకులో మసి పోయిన గంటం గీతలైతే లైటు పక్కవాటుగా వేస్తేనే కనపడతాయి.

తాళపత్రం:
ఏది తెచ్చినా అసలు చిక్కు తేదీతోనే. పార్థివ నామ సంవత్సరం అంటే 1825లోదా, 1885లోదా, 1945లోదా? ఫసలీ (జూలైలో మొదలయ్యే పాత శిస్తు లెక్కల ఏడాది) ఉంటే 590 కలపండి. 1295 ఫసలీ అంటే 1885 జూలై నుంచి 1886 జూన్ దాకా. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో వెంకయ్య కొడుకు రామయ్య, రామయ్య కొడుకు మళ్లీ వెంకయ్య. ఏడాది తేలకపోతే ఇద్దరు వెంకయ్యలూ ఒక్కరైపోతారు. ఇంకోటి, 1859 నుంచి 1904 దాకా గుంటూరు జిల్లాయే లేదు. గుంటూరు పక్క ఊళ్ల కాగితాల్లో కృష్ణా జిల్లా అనే ఉంటుంది. అది చూసి బెజవాడవాళ్లనుకుంటే వంశాన్ని ఏరు దాటించినట్టే. నకలు వెనక పెన్సిలుతో ఊరు, ఫసలీ, తండ్రి పేరు రాసి తెండి.

కృష్ణలంక:
దావాలో ఉన్న ఆస్తి కాగితం నకలు కూడా బల్ల మీదికి రాకూడదు. ఎవరి ఫోన్లోకి ఎక్కుతుందో చెప్పలేం.

దస్తూరి:
అది ఒప్పుకుంటా. కానీ కాగితంలోని నీటిగుర్తు (వాటర్‌మార్క్) ఫొటోలో ఎలా వస్తుంది?

కృష్ణలంక:
కాగితం వెనక నుంచి టార్చి వేసి ఇంకో ఫొటో తీయండి, వస్తుంది.