బరువు దుప్పటిని రాత్రంతా పిల్లవాడిపై ఉంచవచ్చా?

ఎంవీపీ కాలనీ నుంచి ఒక తల్లి:
మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం ఉంది. రాత్రి పదకొండు దాటినా నిద్ర పట్టక, గోడను కాళ్లతో తన్నుతూ దొర్లుతుంటాడు. థెరపీ కేంద్రంలో సూచించగా, గళ్లు గళ్లుగా కుట్టి లోపల గాజు పూసలు నింపిన 2 కిలోల దుప్పటి తెప్పించాం. వాడి బరువు 22 కిలోలు. కప్పిన పావుగంటకు కాళ్లు కదలడం ఆగింది. కానీ మా అత్తగారు ఊపిరాడకపోతే ఎలాగని భయపడుతున్నారు. మేం నలుగురం ఒకే మంచంపై పడుకుంటాం, చిన్నపాపకు పది నెలలు. తెల్లవార్లూ ఉంచవచ్చా?

గాజువాక నుంచి ఒక తండ్రి:
ఉంచవద్దనే నా అభిప్రాయమండీ. 2008లో కెనడాలోని క్విబెక్‌లో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాలుణ్ణి బడిలో ఇలాంటి దుప్పటిలో చుట్టి ఉంచగా స్పృహ తప్పి, ఆ తరువాత మరణించాడు. అమెరికాలో 2022లో నాలుగేళ్లు, ఆరేళ్ల ఇద్దరు బాలికలు ఇలాంటి దుప్పటి తొడుగులో చిక్కుకుని చనిపోయారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ సుమారు 2,04,000 దుప్పట్లను వెనక్కు పిలిపించారు. అవన్నీ పక్కన పెట్టినా, మే నెల ఉక్కపోతలో పలుచని దుప్పటినే కాళ్ల దగ్గరికి తన్నేసే మన విశాఖలో, కరెంటు పోయి ఫ్యాను ఆగిన రాత్రి ఆ పిల్లవాడి పరిస్థితి ఏమిటి?

సీతమ్మధార నుంచి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు:
గాజువాక వారు చెప్పిన రెండు ఘటనలూ నిజమే, అయితే కారణాలను విడివిడిగా చూడాలి. క్విబెక్ బాలుణ్ణి బోర్లా పడుకోబెట్టి, తల కూడా కప్పుకుపోయేలా పలుమార్లు చుట్టారు. అది పిల్లవాడిని కట్టివేయడమే తప్ప దుప్పటి కప్పడం కాదు. ఆ బాలికలు జిప్పు తీసి తొడుగు లోపలికి దూరారు. అందుకే నా దగ్గరకు వచ్చేవారికి జిప్పు తెరుచుకోకుండా దారంతో కుట్టేయమని, లేదా తొడుగే తీసేయమని చెబుతాను.

దుప్పటి ఒంటి బరువులో పదో వంతు ఉండాలనే లెక్క వాడుకలో ఉన్న అలవాటే, అభయహస్తం కాదు. నేను లెక్క కన్నా ముందు చూసేది వేరు. దీపం ఆర్పి, మెడ వరకు కప్పి, “తీసెయ్ నాన్నా” అంటే పిల్లవాడు ఎవరి సాయం లేకుండా తీసేయగలగాలి. చేయలేకపోతే ఆ దుప్పటి వాడికి పనికిరాదు. ఉబ్బసం, మూర్ఛ, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, కండరాల పటుత్వం తక్కువగా ఉండటం వంటివి ఉంటే డాక్టరు ఒప్పుకోనిదే ముట్టుకోవద్దు.

భీమిలి నుంచి ఒక పెద్దావిడ:
మా ఇంట్లో చంటిపిల్లలు ఉలిక్కిపడకుండా ఆవాల దిండును పొట్టకు ఆనించి పెట్టేవాళ్లం. ఎవరికీ ఏమీ కాలేదు. దీనికి ఇంత చర్చ ఎందుకమ్మా?

సీతమ్మధార థెరపిస్టు:
అమ్మా, ఏమీ కాకపోవడం అదృష్టం. మీరు పెంచిన పిల్లలపై గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. నిద్రపోయే శిశువు మీద గానీ పక్కన గానీ బరువు నింపిన దుప్పటి, బరువు నింపిన గుడ్డ ఏదీ ఉంచరాదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022 మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. ఈ విషయంలో బేరసారాలు లేవు.

గాజువాక తండ్రి:
తొడుగు, చుట్టడం గురించి మీ వివరణ ఒప్పుకుంటున్నాను. కానీ మెలకువలో తీసేయడం వేరు, గాఢనిద్రలో ముఖం మీదికి జరిగినప్పుడు తీసేయడం వేరు కదా. పైగా 2014లో ఇంగ్లండు పరిశోధకులు ఆటిజం ఉన్న 67 మంది పిల్లలకు రెండు వారాలు బరువు దుప్పటి, మరో రెండు వారాలు మామూలు దుప్పటి ఇచ్చి చూస్తే, పిల్లలూ తల్లిదండ్రులూ బరువైనదాన్నే ఇష్టపడ్డారు గానీ నిద్ర సమయం మాత్రం పెరగలేదు. నిద్ర పట్టించే వరకు ఉపయోగమనుకుందాం. పట్టిన తరువాత అది ఎవరి కోసం?

సీతమ్మధార థెరపిస్టు:
ఈ ప్రశ్నకు నా దగ్గర ఎదురు వాదన లేదు. పడుకునే ముందు ఇరవై నిమిషాలు, పెద్దవాళ్లు పక్కన కూర్చుని ఉండగా, చాలు. నిద్ర పట్టగానే తీసి వేరే గదిలో పెట్టండి. అయితే దానిని మొత్తంగా ప్రమాదమనడం, కాళ్లు తన్నడం ఆగిన ఆ పావుగంటను తీసిపారేయడమే.

ఎంవీపీ కాలనీ తల్లి:
నిన్న రాత్రి దీపం ఆర్పి పరీక్షించాను. మొదటిసారి వెంటనే తీసేశాడు. రెండోసారి తీసి విసిరాడు. అది చిన్నపాప ఎప్పుడూ పడుకునే చోట పడింది. అదృష్టవశాత్తు పాప అప్పుడు మా అత్తగారి ఒడిలో ఉంది. ఇప్పుడు దుప్పటి హాల్లో దివాన్‌పై ఉంటోంది. వాడు భోజనం అయ్యాక అక్కడే కప్పుకుని, పుస్తకంలో రైలు బొమ్మలు చూసి, దాన్ని వదిలేసి పడకగదిలోకి వస్తున్నాడు.