సగం నీటికే అక్వేరియం స్టాండు నడుమ వంగుతోంది
తిరుపతిలో మా ఇంటి కింది అంతస్తులో, సిమెంటు గచ్చు మీద, 12 మిల్లీమీటర్ల గాజుతో స్వయంగా అతికించిన అక్వేరియం ఉంది. పొడవు 5 అడుగులు, వెడల్పు, ఎత్తు రెండేసి అడుగులు. పూర్తిగా నింపితే నీరే సుమారు 560 లీటర్లు. గాజు బరువు 100 కిలోల పైమాటే. 2 మిల్లీమీటర్ల మందం గల 40 మిల్లీమీటర్ల చదరపు ఇనుప గొట్టంతో, మూలల్లో మాత్రమే కాళ్లుండేలా స్టాండు వెల్డింగు చేయించి, పైన 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద థర్మకోల్ పరిచాను. సగం నీరు పట్టగానే ముందువైపు పొడవాటి గొట్టం నడుమ 4 మిల్లీమీటర్లు కిందికి వంగింది. నీరు తీసేస్తే తిరిగి తిన్నగా అవుతోంది. కాళ్ల కింద రేకులు పెట్టి రసమట్టం సరిచూసినా, రెండో ప్లైవుడ్ వేసినా తేడా లేదు. వెల్డరు ఇంకో పలక చాలంటున్నారు గానీ, గొట్టం వంపును పలక ఆపుతుందని నాకు నమ్మకం లేదు. ఈ చట్రానికే ముందూ వెనుకా నడిమి కాళ్లు చేర్చితే సరిపోతుందా, లేక పై చట్రాన్ని ఇంతకంటే పెద్ద గొట్టంతో మళ్లీ చేయించాలా?