రూతు గ్రంథ దినధ్యానం, ముగింపు శుక్రవారపు కూడిక: సేవకుల ఏర్పాట్లు

సమన్వయకర్త:
సహోదరీ సహోదరులందరికీ ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు. ఈసారి మన కువైట్ తెలుగు సహవాసపు కూడికలో ప్రసంగాలు తగ్గించి, అంతకు ముందు నాలుగు వారాలు అందరం ఒకే గ్రంథాన్ని రోజూ కొంచెం కొంచెంగా చదువుకుని, అందులో మన బ్రతుకుకు ఏమి దొరికిందో ఆ రోజున పంచుకోవాలని పోయిన శుక్రవారం అనుకున్నాం. గ్రంథం బైబిలులోని రూతు. మొత్తం నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. రోజుకు మూడు చొప్పున శనివారం మొదలుపెడితే 28వ రోజు సరిగ్గా శుక్రవారం అవుతుంది. మిగిలే చివరి నాలుగు వచనాలను హాలులో అందరం కలిసి చదువుకోవచ్చు.

ఈ గ్రంథమే ఎందుకని కొందరు అడిగారు. కరవు వచ్చి ఊరు విడిచిన కుటుంబం, పరాయి నేలమీద పోయిన భర్తలు, ఒట్టి చేతులతో తిరుగు ప్రయాణం, మరొకరి పొలంలో ప్రొద్దుటినుండి నడుము వంచి ఏరుకున్న పరిగె, ఇవన్నీ కోనసీమ నుంచి, కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఇక్కడికి వచ్చిన మనకు ఎవరూ వివరించనక్కరలేదు. మా అమ్మ వరికోతలైన చేలో పరిగె ఏరి కొంగున కట్టుకుని వచ్చిన సాయంత్రాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఒక్క మనవి. సాక్ష్యం చెప్పేవారు ఏ వచనం విన్నారో, అందులో ఎవరు ఎవరికి ఏమి చేశారో, అది విన్నాక ఆ వారంలో తాము ఏమి చేశారో, ఈ మూడూ చెప్పాలి. ‘ఈ వాక్యం నన్ను ఎంతో బలపరిచింది’ అని చెప్పి కూర్చుంటే విన్నవారి చేతికి ఏమీ అందదు.

ఆడియో బాధ్యత తీసుకున్న సహోదరి:
అక్కా, వందనములు. మన సహోదరీమణుల్లో చాలామందికి తాము పనిచేసే ఇంటివారితో అరబీ మాట్లాడడం వచ్చు గాని తెలుగు అక్షరాలు చదవడం రాదు. అందువల్ల రోజువారీ భాగాన్ని రాసి పంపితే సగంమందికి చేరదు. మన ఊళ్లలో ఒకప్పుడు బైబిలు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి అరుగుమీద కూర్చుని చదివి వినిపించినట్లే, మూడు వచనాలను నెమ్మదిగా రెండుసార్లు చదివి, చివర ఒకే ఒక్క ప్రశ్న అడిగి, రెండు నిమిషాలకు మించకుండా రికార్డు చేసి పంపుదాం. రాత్రి గిన్నెలు కడగడం పూర్తయ్యాకే ఫోను చేతికి వచ్చేవారు ఎక్కువ కాబట్టి తొమ్మిది గంటల లోపల పంపడం మంచిది. నాతోపాటు చదవడానికి మరో ఇద్దరు కావాలి. గోదావరి యాస, సీమ యాస రెండూ వినిపిస్తే వినేవారికి మన ఇంటి మాటలా ఉంటుందని నా ఆశ.

పాఠాలు సిద్ధం చేస్తున్న సహోదరుడు:
ప్రశ్నలు రాసే పని నేను చేస్తాను. అయితే పాఠం ఎలా తీయాలన్న విషయంలో ముందే ఒక మాట అనుకోవాలి. ఆరో రోజున వచ్చే 1:16–18ని, అంటే ‘నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను’ అన్న రూతు మాటను, మనం పెళ్లిళ్లలో వధువు వరునితో చెప్పే మాటగా చదువుతూ వచ్చాం. కానీ అక్కడ మాట్లాడుతున్నది ఒక విధవరాలు, వింటున్నది అదే దుఃఖంలో ఉన్న ఆమె అత్త నయోమి. ఇవ్వడానికి నయోమి దగ్గర ఏమీ లేని సమయంలో రూతు ఆ ప్రమాణం చేసింది. ఈ సందర్భం వదిలేస్తే, ఆదరించేవారు లేని మనిషి పక్కన నిలబడడం అనే అసలు పాఠమే పోతుంది.

రెండో సంగతి చెప్పడం నాకు కష్టమైనా చెప్పవలసిందే. కొన్నాళ్ల క్రితం నాలుగు నెలలుగా జీతం అందని ఒక సహోదరి ప్రార్థన కోసం వస్తే, రూతులా ఓర్చుకోమ్మా అని చెప్పి పంపినవాడిని నేనే. ఆ రాత్రి రెండో అధ్యాయాన్ని మళ్లీ చదివినప్పుడు, నేను సగమే చదివి సగమే చెప్పానని తెలిసింది. ఆ అధ్యాయంలో రూతు కష్టం ఎంత ఉందో, ఆమె పరిగె ఏరుకున్న పొలం గల బోయజు నడవడి కూడా అంతే ఉంది. ఆమెను ముట్టకూడదని పనివారికి ఆజ్ఞాపించాడు, వారు చేదిన నీళ్లు త్రాగమన్నాడు, భోజనానికి దగ్గరకు పిలిచాడు, పనల్లోనుంచి పిడికిళ్లు కావాలనే విడిచిపెట్టమన్నాడు. పైగా పరిగె అతని దయతో పెట్టిన బిచ్చం కాదు. పొలం ఓరలను పూర్తిగా కోయకూడదని, పరిగెను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండము 19:9–10 పొలం గలవారికే ఆజ్ఞ ఇచ్చింది. కూలివాని కూలి ప్రొద్దు గుంకకముందే ఇవ్వాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు, నెలనెలా జీతం ఉండాలని ఈ దేశం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం కూడా చెబుతోంది. కాబట్టి జీతం రాని సహోదరికి వాక్యంతోపాటు, ఫిర్యాదు చేయడానికి తోడుగా వచ్చే మనిషినీ మనం ఇవ్వాలి. మనలో దుకాణాలు నడిపేవారు, మనుషుల్ని పనిలో పెట్టుకున్నవారు, సూపర్‌వైజర్లు ఉన్నారు. 12వ రోజు ప్రశ్న వారినే అడగాలని నా ఉద్దేశం.

ఇంకొకటి: 2:12లోని ‘రెక్కలు’, 3:9లోని ‘కొంగు’ హీబ్రూలో ఒకే మాట, కనాఫ్. దేవుని రెక్కల క్రిందికి వచ్చావని దీవించిన బోయజునే, ఆ రెక్క నువ్వే కప్పమని రూతు అడిగింది. దీవించిన నోటితో ఆగిపోకూడదని నాకు అర్థమైన చోటు ఇదే.

వాహనాల బాధ్యత తీసుకున్న సహోదరుడు:
ఫర్వానియా, ఖైతాన్ వైపు నేను తీసుకొస్తాను. సాల్మియాకు ఒక బండి ఉంది. ఫహాహీల్, జహ్రా వైపు ఇంకా ఎవరూ లేరు. ఆ రెండు దారుల్లో వచ్చేవారు ఈ బుధవారంలోగా చెప్పాలి. కొందరు సహోదరీమణులకు సాయంత్రం నాలుగింటికల్లా ఇల్లు చేరాలన్న షరతు ఉంది కనుక, సాక్ష్యాల్లో వారికి ముందు అవకాశం ఇవ్వాలని కోరుతున్నాను.

వంట చూసుకుంటున్న సహోదరి:
మధ్యాహ్నానికి పప్పు, కోడికూర, పెరుగు సరిపోతాయి. రూతు తిని మిగిల్చినదాన్ని అత్తకు తీసుకువెళ్లి ఇచ్చిందని 2:18లో ఉంది. సెలవు దొరకక రాలేనివారు ప్రతిసారీ ఉంటారు. వారి కోసం మిగిలినది కాకుండా, వడ్డన మొదలుపెట్టకముందే నలభై పొట్లాలు కట్టి పక్కన పెడదాం. బండ్లు తిరిగి వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర అందిస్తే చాలు. పొట్లాలు కట్టడానికి నలుగురు ఉదయం ఎనిమిదింటికి రావాలి.

సమన్వయకర్త:
అన్నయ్యా, జీతం అందని సహోదరి గురించి మీరు దాచుకోకుండా చెప్పిన ఆ మాట ఈ కూడికకు అవసరం. ఫిర్యాదు విషయంలో తోడు వెళ్లడానికి అరబీ బాగా వచ్చిన ఇద్దరి పేర్లు నేను విడిగా తీసుకుంటాను. పొట్లాలు, సాక్ష్యాల వరుస చెప్పినట్లే చేద్దాం.

ఇక శనివారం వెళ్లే మొదటి మూడు వచనాల సంగతి. వాటిలోనే కరవు, వలస, పరాయి దేశంలో నయోమి భర్త ఎలీమెలెకు చావు ఉన్నాయి. ఈ ఏడాది ఇంట్లో చావు కబురు విని కూడా వెళ్లలేకపోయినవారు మనలో ముగ్గురున్నారు. అందుచేత మొదటి రోజు ఆడియోలో ప్రశ్న వద్దు. వచనాలు రెండుసార్లు చదివి, ఒక చిన్న ప్రార్థన చేసి ఆపేయండి. ఆ ముగ్గురికీ ఆ రాత్రి నేను ఫోను చేస్తాను.