అప్‌డేట్: కాన్పు తర్వాత ఛాతీలో మంట, ఇప్పుడు ఎలా ఉందంటే

బాబు పుట్టిన మూడో వారం నుంచి పడుకోగానే ఛాతీలో మంట, గొంతులోకి పులుపు ఎగదన్నుతోందని, పాలిస్తూ మందు వాడవచ్చా అని అడిగాను కదా. ఇప్పుడు బాబుకి మూడో నెల. చాలా నయం.

డాక్టర్ గారు పాంటోప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మందు) రాశారు, ఉదయం టిఫిన్‌కి అరగంట ముందు. పాలలోకి చాలా తక్కువే వెళ్తుందని చెప్పాక నా టెన్షన్ తగ్గింది. నెల వాడి, ఆవిడ చెప్పాకే ఆపాను.

అసలు చిక్కు పత్యంతో వచ్చింది. పాలు పడాలని అమ్మ రోజూ మొదటి ముద్ద వెల్లుల్లి కారం, నెయ్యితోనే పెట్టేది. అది తినగానే మంట మొదలయ్యేది. ప్రేమతో పెట్టేది వద్దనడం ఎంత కష్టమో! డాక్టర్ గారే చెప్పాక సొరకాయ, బీరకాయ కూరలకు మారాం. రాత్రి భోజనం ఏడున్నరకే.

రెండు దిండ్లు వేసుకుంటే పొట్ట నొక్కుకుపోయి మంట ఇంకా పెరిగింది. మా వారు మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. దాంతో నిద్ర పట్టింది. రాత్రి పాలిచ్చాక ఎడమవైపు తిరిగి పడుకుంటున్నాను.

మంటతో పాటు ఆయాసం, చేయి లాగడం ఉంటే మాత్రం గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సలహాలిచ్చిన అక్కలందరికీ థ్యాంక్స్.