“విశ్రాంతిదినమునకు మరునాడు” అంటే ఏ రోజు?

ప్రశ్న: లేవీయకాండము 23:15 ప్రకారం పెంతెకొస్తు (యాభయ్యో రోజు పండుగ) లెక్క “విశ్రాంతిదినమునకు మరునాడు” మొదలుకావాలి. విశ్రాంతిదినమంటే శనివారమే కదా? మరి యూదుల పండుగ ఆదివారం కాకుండా వేరే రోజుల్లో ఎలా వస్తోంది?

జవాబు: తగాదా అంతా అక్కడేనండి. పరిసయ్యుల (యూదుల్లో ఒక మతశాఖ) లెక్కలో ఆ విశ్రాంతిదినం నీసాను (యూదుల మొదటి నెల) 15, పులియని రొట్టెల పండుగ మొదటి రోజు. ఆ రోజు పని మానాలని 7వ వచనంలోనే ఉంది. 32లో ప్రాయశ్చిత్త దినాన్ని కూడా, వారంలో ఏ రోజు పడినా, విశ్రాంతిదినమనే అన్నారు. కాబట్టి పన (కొత్త పంట మొదటి కట్ట) అల్లాడించేది, లెక్క మొదలయ్యేది 16న. సద్దూకయ్యులనే మరో శాఖకు దగ్గరివాళ్లయిన బోయెతూసీయులు మాత్రం శనివారమేనని పట్టుబట్టారు. వాళ్ల పన ఆదివారం, పెంతెకొస్తూ ఆదివారమే. నీసాను 15 మంగళవారం పడితే పరిసయ్యుల పన బుధవారం, వీళ్లది ఆ వచ్చే ఆదివారం. పన అర్పించేదాకా కొత్త పంట ముట్టకూడదు (14వ వచనం). అంటే ఆ నాలుగు రోజులూ ఒకరు తినే రొట్టె ఇంకొకరికి నిషిద్ధం!

మరో జవాబు: మిష్నాలో (యూదుల మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం) మెనహోత్ అనే భాగం 10:3 చూడండి. పన కోసం పండుగ ముందురోజే వెళ్లి యవల కంకుల్ని కోయకుండానే కట్టలు కట్టి ఉంచుతారు. చీకటి పడ్డాక కోసేవాడు “పొద్దు గూకిందా?” అంటాడు. జనం “గూకింది” అంటారు. ఇదే కొడవలా, ఇదే బుట్టా, కోయనా... ఒక్కొక్కటీ మూడేసిసార్లు. పండుగ ముగిసిన రాత్రి కోత లేదనే బోయెతూసీయుల వల్లే ఇంత హంగామా అని మిష్నాయే చెబుతుంది.

ప్రశ్న: 16వ వచనంలో “ఏడవ విశ్రాంతిదినపు మరుదినము” అని ఉందే?

జవాబు: అక్కడ బోయెతూసీయులదే పైచేయి. పరిసయ్యులు ఆ “విశ్రాంతిదినం” అనే మాటకు “వారం” (ఏడు రోజులు) అని అర్థం చెప్పుకోవాల్సి వచ్చింది. అయితే పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో, పన గురించి చెప్పే 11వ వచనం “మొదటి దినపు మరునాడు” అనే ఉంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫసు కూడా 16వ తేదీనే అంటాడు.

ఇంకో జవాబు: మృతసముద్రం ఒడ్డున కుమ్రానులో ఉన్న యూదు శాఖ వాళ్ల లెక్క వేరు. వాళ్ల ఏడాదికి 364 రోజులు, సరిగ్గా 52 వారాలు, కాబట్టి మొదటి నెల 15 ఎప్పుడూ బుధవారమే. పులియని రొట్టెల ఏడు రోజులూ అయ్యాక వచ్చే శనివారం 25, పన 26న. మొదటి రెండు నెలలకూ ముప్పయ్యేసి రోజులు, పెంతెకొస్తు మూడో నెల 15న. లెక్కేసేటప్పుడు పన రోజును ఒకటిగా పట్టాలి, వదిలేస్తే 16 వస్తుంది.